బీఎస్సీ అయింది, బీఈడీకి డబ్బెలా? సరిహద్దు పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు నుంచి, అటు మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఈసారి చాలావాటి సారాంశం ఒక్కటే. సైన్సు డిగ్రీ చేతికొచ్చింది, టీచరు కావాలని ఉంది, రెండేళ్ల బీఈడీ ఖర్చు ఎలా గట్టెక్కాలి? దాదాపు అందరూ ఎంత ఖర్చవుతుందని అడిగారు. ఏ డబ్బు ఏ నెలలో చేతికొస్తుందని ఎవరూ అడగలేదు. నిజానికి చదువు మధ్యలో ఆగేది ఎక్కువగా అక్కడే. అందుకే జవాబుల్లో దానికే ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. ఎస్సీ. బీఎస్సీ (కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ) 61 శాతంతో పాసయ్యాను. నాన్నకి ఏడాదికి 1,40,000 ఆదాయం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంది. అన్నయ్య విశాఖలో నెలకి 22,000 జీతానికి చేస్తున్నాడు. అన్నయ్య జీతం కలిస్తే స్కాలర్‌షిప్ రాదని నెట్ సెంటర్‌లో చెప్పారు. సీటు వచ్చిన వెంటనే ఫీజు కట్టేయాలి కదా, అది ఎలాగో తోచడం లేదు.
(ఒక పాఠకురాలు, గజపతి జిల్లా)

జవాబు: ముందు అన్నయ్య సంగతి తేల్చుకుందాం అమ్మా. ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కి ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు. ఆ లెక్కలోకి వచ్చేది తల్లిదండ్రుల ఆదాయం మాత్రమే. అమ్మానాన్నల్లో ఒక్కరు ఉన్నా సరే, ఇంట్లో ఇంకెవరు సంపాదిస్తున్నా ఆ డబ్బు కలపకూడదు. పెళ్లయి ఉద్యోగం లేని అమ్మాయికైతే భర్త ఆదాయం చూస్తారు. కాబట్టి అన్నయ్య జీతం మీకు అడ్డు కాదు. నెట్ సెంటర్‌లో ఫారం నింపేటప్పుడు ‘కుటుంబ ఆదాయం’ అన్న గడిలో ఆయన జీతం కూడా కలిపి 4,04,000 అని కొట్టేస్తే మాత్రం అర్జీ అక్కడే ఆగిపోతుంది. పక్కన కూర్చుని ఆ గడి మీరే చూసుకోండి.

కుల ధ్రువపత్రం గురించి కూడా ఒక మాట. అది ఒడిశా తహసీల్దారు ఇచ్చినదై ఉండాలి, మీ కులం ఒడిశా ఎస్సీ జాబితాలో ఉండాలి. ఎస్సీ, ఎస్టీ జాబితాలు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రానివే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాల్లో తాతగారి ఊరి నుంచి తెచ్చిన ఆంధ్ర పత్రం పెట్టినవాళ్లున్నారు. దానితో ఒడిశాలో రిజర్వేషను గానీ స్కాలర్‌షిప్ గానీ రావు.

ఇక అసలు చిక్కు. ఫీజు చేరేటప్పుడే కట్టాలి, స్కాలర్‌షిప్ నెలల తర్వాత వస్తుంది. అదీ ఒక్కసారి రాదు. 2021లో మారిన పద్ధతి ప్రకారం ఎస్సీ స్కాలర్‌షిప్‌లో రాష్ట్రం వాటా 40 శాతం, కేంద్రం వాటా 60 శాతం. రాష్ట్రం తన వాటా వేశాకే కేంద్రం వాటా కదులుతుంది, రెండూ నేరుగా మీ ఖాతాలోనే పడతాయి. మొదటి విడత చూసి ఇంతేనా అని బెంబేలు పడినవాళ్లూ ఉన్నారు, రెండో విడతను ఇంటి ఖర్చుకి వాడేసి కాలేజీకి బాకీ పడినవాళ్లూ ఉన్నారు. పడిన డబ్బులో ఫీజు ఎంత, నిర్వహణ భత్యం ఎంత అన్నది విడదీసి రాసి పెట్టుకోండి. భత్యం మీది, ఫీజు కాలేజీది.

ఈ మధ్యకాలం దాటడానికి మూడు దారులున్నాయి, ఇదే వరసలో ప్రయత్నించండి. మొదటిది, ఎస్సీ విద్యార్థి ముందుగా ఫీజు కట్టకుండా చేరేందుకు కేంద్ర మార్గదర్శకాల్లో ‘ఫ్రీషిప్ కార్డు’ అనే ఏర్పాటు ఉంది. స్కాలర్‌షిప్ పడ్డాక కాలేజీకి కట్టాలి. బ్లాకులో సంక్షేమ విస్తరణ అధికారి దగ్గరికో, జిల్లా సంక్షేమ అధికారి (డీడబ్ల్యూవో) కార్యాలయానికో వెళ్లి ఆ మాట వాడే అడగండి. నోటిమాటతో సరిపెట్టుకోవద్దు, కాగితం ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. రెండోది, ఫీజు వాయిదాల్లో కడతానని ప్రిన్సిపాలుకి అర్జీ. స్కాలర్‌షిప్ దరఖాస్తు రసీదు జతచేస్తే చాలా కాలేజీలు ఒప్పుకుంటాయి. ఈ రెండూ కుదరకపోతేనే మూడోది, చిన్న అప్పు. అమ్మ మిషన్ శక్తి (మహిళా పొదుపు సంఘం) గ్రూపులో ఉంటే అక్కడ, లేదంటే బ్యాంకులో బంగారం మీద. నూటికి మూడు రూపాయల వడ్డీకి 40,000 తెస్తే ఎనిమిది నెలలకి వడ్డీయే 9,600. అదే డబ్బు ఏడాదికి 10 శాతం చొప్పున బ్యాంకులో బంగారం మీద తీసుకుంటే ఎనిమిది నెలలకి 2,700 లోపే.

ఫీజు రసీదు తీసుకునేటప్పుడు పద్దులు విడివిడిగా రాయమనండి. కాషన్ డిపాజిట్ లాంటివి తర్వాత తిరిగిచ్చే డబ్బు కాబట్టి స్కాలర్‌షిప్ వాటిని భరించదు. అన్నీ కలిపి ఒకే మొత్తం రాసిన రసీదు పెడితే పరిశీలనలో వెనక్కొస్తుంది.

అన్నిటికంటే ఎక్కువమంది దెబ్బతినేది బ్యాంకు ఖాతా దగ్గర. ఖాతాకి ఆధార్ ‘లింకు’ అయి ఉండటం వేరు, ప్రభుత్వ డబ్బు పడేందుకు ‘సీడింగు’ అయి ఉండటం వేరు. ఒక మనిషికి ఎన్ని ఖాతాలున్నా సీడింగు ఒక్క ఖాతాకే ఉంటుంది, చివరగా ఏ బ్యాంకుకి ఒప్పుకోలు ఇచ్చారో డబ్బు అక్కడికే పోతుంది. సిమ్ కార్డు తీసుకుంటూ కియోస్కులో వేలిముద్ర వేసినప్పుడు పేమెంట్స్ బ్యాంకు ఖాతా తెరుచుకుని, సీడింగు దానికి మారిపోయిన సందర్భాలున్నాయి. స్కాలర్‌షిప్ రాలేదని ఏడాదంతా తిరుగుతారు, తీరా చూస్తే డబ్బు ఆ ఖాతాలో పడి ఉంటుంది. మైఆధార్ సైటులో ‘బ్యాంక్ సీడింగ్ స్టేటస్’ నొక్కితే బ్యాంకు పేరు కనిపిస్తుంది. దరఖాస్తుకి ముందొకసారి, తర్వాత రెండు నెలలకొకసారి చూసుకోండి. కేవైసీ పూర్తిగా ఇవ్వకుండా తెరిచిన జనధన్ ‘చిన్న ఖాతా’ అయితే అందులో నిల్వ 50,000 దాటకూడదు, ఏడాదికి లక్షకి మించి జమ కాకూడదు. ఫీజు మొత్తం పెద్దదైతే జమ దగ్గర చిక్కు రావచ్చు. బ్యాంకుకి వెళ్లి పూర్తి కేవైసీ ఇచ్చి మామూలు ఖాతాగా మార్చుకోండి.

మన పేర్లతో ఇంకో తంటా. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందుంటుంది, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు చివర ఉంటుంది. కంప్యూటరుకి వాళ్లిద్దరూ వేర్వేరు మనుషులు. ఆధార్‌ని పదో తరగతి సర్టిఫికెట్ ప్రకారం దిద్దించుకోండి, సర్టిఫికెట్‌ని మార్పించే పని పెట్టుకోకండి. దానికి పట్టే కాలంలో మీ బీఈడీయే అయిపోతుంది.

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ చేశాను, 58 శాతం. బీఈడీకి లోను తీసుకుందామనుకుంటున్నాను. ఎంతవరకు తీసుకోవచ్చు?
(గుణుపురం నుంచి)

జవాబు: బీఈడీలో చేరడానికి మీ మార్కులు సరిపోతాయి. టీచరు శిక్షణ కోర్సులని నియంత్రించే జాతీయ సంస్థ ఎన్‌సీటీఈ నిబంధన డిగ్రీలో గానీ పీజీలో గానీ 50 శాతం. (బీటెక్ వాళ్లకి 55.) రిజర్వుడు వర్గాలకి సడలింపు ఎంతన్నది రాష్ట్రం నిర్ణయిస్తుంది. అయితే సీటు వస్తుందా అన్నదొక్కటే చూసి అప్పు చేయకండి. బీఈడీ పూర్తయ్యాక మీ డిగ్రీని సైన్సు టీచరు పోస్టుకి లెక్కలోకి తీసుకుంటారా అన్నది ముందు చూడాలి.

ఒడిశా హైస్కూలు పోస్టుల్లో సైన్సు రెండు పాయలు. పీసీఎం అంటే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్. సీబీజెడ్ అంటే కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ. కేంద్రీయ విద్యాలయాల టీజీటీ (హైస్కూలు స్థాయి టీచరు) సైన్సుకి చూసేదీ బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీలే. ఫిజిక్స్, మ్యాథ్స్ చేసినవాళ్లు అక్కడ టీజీటీ మ్యాథ్స్ వైపు వెళ్లాలి. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ అన్న పేర్లు ఈ జాబితాల్లో నేరుగా కనిపించకపోవచ్చు. మీ డిగ్రీలో బయోటెక్‌తో పాటు కెమిస్ట్రీ, బోటనీ కూడా అన్ని సంవత్సరాలూ చదివి ఉంటే ఒక దారి దొరకొచ్చు. ఒక్క ఏడాదే చదివి ఉంటే కష్టం.

మార్కుల మెమోలన్నీ తీసి, ఏ సంవత్సరం ఏ పేపరు ఎన్ని మార్కులకి రాశారో ఒక కాగితం మీద రాయండి. ఒడిశా స్టాఫ్ సెలక్షన్ కమిషన్ హైస్కూలు టీచర్ల నోటిఫికేషను, ఏకలవ్య (గిరిజన విద్యార్థుల ఆశ్రమ) పాఠశాలల నోటిఫికేషను, కేంద్రీయ విద్యాలయాల నోటిఫికేషను, ఈ మూడింటి చివరి ప్రకటనలు పక్కన పెట్టుకుని అర్హత గడి ఒక్కటీ పోల్చండి. మూడింటిలో ఒక్కదానికీ సరిపోకపోతే మీకు మిగిలేది ప్రైవేటు స్కూలు. అప్పుడు అప్పు కూడా ప్రైవేటు స్కూలు జీతంలో తీరేంతే ఉండాలి. గుణుపురంలో, రాయగడలో ప్రైవేటు స్కూళ్లు ఎంతిస్తున్నాయో ఇద్దరు ముగ్గురు టీచర్లని అడిగి, ఆ జీతంలో ఐదో వంతుకి మించని కిస్తీ వచ్చేటట్టు చూసుకోండి. అంతకు మించితే వద్దనే మా సలహా.

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఎంపీసీ. ఒక ఏజెంటు ఆంధ్రాలో ప్రైవేటు బీఈడీ కాలేజీలో సీటు ఇప్పిస్తానన్నాడు. రెండేళ్లకీ కలిపి 1,30,000 అట. క్లాసులకి వెళ్లనక్కర్లేదు, పరీక్షలకి వెళ్తే చాలంటున్నాడు. అమ్మాయి ఇక్కడే స్కూల్లో పని చేసుకుంటూ చదువుకోవచ్చు కదా అని మా ఆలోచన. సగం డబ్బు ముందు కట్టమంటున్నాడు, ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా ఇవ్వమంటున్నాడు.
(ఒక తండ్రి, రాయగడ)

జవాబు: ఇవ్వకండి. డబ్బూ వద్దు, సర్టిఫికెట్లు అసలే వద్దు.

బీఈడీ రెగ్యులర్ కోర్సు. ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం ఏడాదికి కనీసం 200 పనిదినాలు నడవాలి. తరగతులకి 80 శాతం, స్కూలు ఇంటర్న్‌షిప్‌కి 90 శాతం హాజరు ఉండాలి. ఇంటర్న్‌షిప్ మొత్తం 20 వారాలు. మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16. అమ్మాయి అదే తేదీల్లో రాయగడ స్కూల్లో జీతం తీసుకుంటూ ఉంటే, ఆ జీతం బ్యాంకులో పడుతూ ఉంటే, ఒకే మనిషి ఒకే రోజు రెండు రాష్ట్రాల్లో ఉన్నట్టు రికార్డు తయారవుతుంది. ఇది బయటపడేది పరీక్షల్లో కాదు, ఉద్యోగం వచ్చాక సర్టిఫికెట్ల పరిశీలనలో. అప్పటికి డబ్బు పోయి, రెండేళ్లు పోయి, ఉద్యోగమూ చేజారుతుంది. ఏజెంటు మాత్రం అప్పుడు ఫోనెత్తడు.

సీటు విషయం కూడా చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో కన్వీనర్ సీట్లలో 85 శాతం స్థానికులవి. మిగిలిన 15 శాతానికీ షరతులున్నాయి. అభ్యర్థి గానీ తల్లిదండ్రుల్లో ఒకరు గానీ ఆ రాష్ట్రంలో పదేళ్లు ఉండి ఉండాలి, లేదా తల్లిదండ్రులో భర్తో అక్కడ ప్రభుత్వ ఉద్యోగంలో ఉండాలి. ఆ సంబంధం లేకపోతే మీకు దొరికేది మేనేజ్‌మెంట్ సీటు. దానికి ఆంధ్ర ప్రభుత్వం ఫీజు ఇవ్వదు. మీరు ఎస్సీ, ఎస్టీ అయితే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇవ్వాల్సింది చదివే రాష్ట్రం కాదు, మీ సొంత రాష్ట్రం. అంటే అర్జీ ఒడిశా పోర్టల్లోనే. మేనేజ్‌మెంట్ సీటుకి అదీ రాదనుకునే లెక్క వేసుకోండి.

ఎక్కడ చేరినా ఈ పని చేయండి. ఎన్‌సీటీఈ సైటులో గుర్తింపు పొందిన కాలేజీల జాబితా ఉంటుంది. ఒడిశా తూర్పు ప్రాంతీయ కమిటీ కింద, ఆంధ్ర, తెలంగాణ దక్షిణ కమిటీ కింద, మహారాష్ట్ర పశ్చిమ కమిటీ కింద. కాలేజీ పేరు, ఊరు, కోర్సు, సీట్ల సంఖ్య నాలుగూ సరిపోవాలి. బీఈడీ సీట్లు 50 చొప్పున యూనిట్లుగా ఇస్తారు. ఒక్క యూనిట్ ఉన్న కాలేజీలో మీ అమ్మాయి చేరిక నంబరు 50 దాటి ఉంటే ఆ పేరు యూనివర్సిటీకి వెళ్లదు.

ఇప్పటికే ఏదైనా కాలేజీకి డబ్బు కట్టేసిన పాఠకులకి ఒక మాట. యూజీసీ నిబంధన ప్రకారం ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు ముందే మానేస్తే ప్రాసెసింగు ఖర్చు కింద కొద్ది మొత్తం తప్ప ఫీజు పూర్తిగా వెనక్కివ్వాలి. ఆ 15 రోజుల లోపల మానేస్తే 90 శాతం, చివరి తేదీ దాటాక 15 రోజుల్లోపు 80, ముప్పై రోజుల్లోపు 50. ఆ తర్వాత ఏమీ రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూసి వెంటనే తిరిగివ్వాలే తప్ప కాలేజీ దగ్గర ఉంచుకునే హక్కు లేదు. కానీ ఈ రక్షణంతా కాలేజీ పేరిట రసీదు ఉన్నవాళ్లకే. ఏజెంటుకి చేతిలో పెట్టిన డబ్బుకి ఇవేవీ వర్తించవు.

మీ అమ్మాయికి ముందుగా చూడాల్సినవి ఒడిశా ప్రభుత్వ బీఈడీ ప్రవేశ పరీక్ష (దరఖాస్తు రాష్ట్ర ప్రవేశాల పోర్టల్ సామ్స్‌లో), భువనేశ్వర్‌లో ఎన్‌సీఈఆర్‌టీ నడిపే రీజినల్ ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్ష. రెండూ రాయించండి. ప్రభుత్వ సీటు వస్తే ఖర్చులో పెద్ద భాగం హాస్టలూ భోజనమే అవుతుంది. ఈ ఏడాది రాకపోతే ఒక ఏడాది ట్యూషన్లు చెప్పుకుంటూ మళ్లీ రాయించినా నష్టం లేదు.

ప్రశ్న: జయపురంలో ఉంటాం. ఓసీ. రెండేళ్లకీ ఫీజు లక్ష వరకు అవుతుంది. నాన్న పేరిట పంట రుణం బాకీ ఉంది. బ్యాంకుకి వెళ్తే ‘మీ ఇల్లు మా సర్వీసు ఏరియాలో లేదు’ అని పంపేశారు. లోను వస్తుందా? వస్తే నెలకి ఎంత కట్టాలి?
(ఒక పాఠకుడు, కొరాపుట్ జిల్లా)

జవాబు: ఇల్లు సర్వీసు ఏరియాలో లేదన్న కారణంతో విద్యారుణం కాదనకూడదని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది. నోటితో కాదంటే మీకు ఆధారం ఏమీ మిగలదు. అందుకే దరఖాస్తు విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా పెట్టండి. అక్కడ మూడు బ్యాంకుల వరకు ఎంచుకోవచ్చు, నంబరు వస్తుంది. కాదనాలంటే కారణం రాయాలి. ఫిర్యాదు బ్యాంకుకి రాసి 30 రోజులు దాటినా జవాబు లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు.

నాలుగు లక్షల లోపు విద్యారుణానికి తాకట్టు అక్కర్లేదు, మీరు ముందు పెట్టాల్సిన వాటా కూడా లేదు. తల్లిగానీ తండ్రిగానీ సహ రుణగ్రహీతగా సంతకం పెట్టాలి. నాన్నగారి పంట రుణం గడువు దాటి ఉంటే అక్కడే పేచీ వస్తుంది. దానికి రెండు మార్గాలు. ఆ రుణాన్ని రెన్యువల్ చేయించి ఖాతా సరిగా ఉందని కాగితం తెచ్చుకోవడం ఒకటి, అమ్మని సహ రుణగ్రహీతగా పెట్టడం ఇంకొకటి. అమ్మ పేరిట ఏ బాకీ లేకపోతే రెండోదే సులువు.

లోనులో ఫీజు ఒక్కటే కాదు, హాస్టలు, పరీక్ష ఫీజు, పుస్తకాలు, యూనిఫారం, కంప్యూటరు కూడా చేర్చొచ్చు. కాలేజీ నుంచి రెండేళ్ల ఖర్చు అంచనా కాగితం తెచ్చేటప్పుడే ఇవన్నీ రాయించండి. తర్వాత కలపమంటే కలపరు. లెసన్ ప్లాన్ రికార్డులు, చార్టులు, నమూనాలు, ఇంటర్న్‌షిప్ స్కూలుకి రోజూ బస్సు ఛార్జీలు మాత్రం మీ జేబులోంచే. సైన్సు మెథడ్ తీసుకున్నవాళ్లకి చిన్న ప్రయోగాల సామాను ఖర్చు కూడా తోడవుతుంది. రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ ఉన్న పదహారు వారాలూ పగటి పని ఏదీ కుదరదని గుర్తుంచుకుని ఆ నాలుగు నెలల ఇంటి ఖర్చు ముందే పక్కన పెట్టండి.

ఇక లెక్క. వడ్డీ 10 శాతం అనుకుందాం. మొదటి ఏడాది మొదట్లో 50,000, రెండో ఏడాది మొదట్లో 50,000 విడుదలవుతాయి. కోర్సు రెండేళ్లు, ఆ తర్వాత ఇంకో ఏడాది కిస్తీ ఉండదు. కానీ వడ్డీ ఆగదు, సాధారణ వడ్డీగా నడుస్తుంది. మొదటి సగానికి మూడేళ్ల వడ్డీ 15,000, రెండో సగానికి రెండేళ్ల వడ్డీ 10,000. కిస్తీ మొదలయ్యే రోజుకి మీ బాకీ 1,25,000. ఐదేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 2,660, మొత్తం కట్టేది 1,59,000 పైచిలుకు.

అదే వడ్డీని ఎప్పటికప్పుడు కడితే? మొదటి ఏడాది నెలకి 417, తర్వాత రెండేళ్లు నెలకి 833. ఇద్దరు పిల్లలకి ట్యూషను చెబితే వచ్చే డబ్బు అది. అప్పుడు కిస్తీ లక్ష మీదే, నెలకి 2,125. వడ్డీతో కలిపి మొత్తం 1,52,500. దాదాపు 7,000 మిగులు. పైగా ఇలా వడ్డీ కట్టేవాళ్లకి చాలా బ్యాంకులు ఒక శాతం రాయితీ ఇస్తాయి. సంతకం పెట్టే రోజే ఆ రాయితీ మంజూరు పత్రంలో ఉందో లేదో చూడండి.

తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపైతే, కాలేజీకి న్యాక్ (కాలేజీల నాణ్యత చూసే జాతీయ సంస్థ) గుర్తింపు ఉంటే, వృత్తి కోర్సులకి కేంద్రం ఆ మూడేళ్ల వడ్డీ పూర్తిగా కట్టే పథకం ఉంది. జీవితంలో ఒక్కసారే. ఇంతకు ముందు వేరే కోర్సుకి వాడేసి ఉంటే మళ్లీ రాదు. ఇది దానంతటదే రాదు, తహసీలు నుంచి ఆదాయ పత్రం తెచ్చి బ్యాంకులో ప్రతి ఏటా వెంటపడాలి. 2024 నవంబరులో మంజూరైన పీఎం విద్యాలక్ష్మి పథకం వేరు. అది కేంద్ర సంస్థలకీ, జాతీయ ర్యాంకింగ్‌లో పైనున్న సంస్థలకీ మాత్రమే. ఎనిమిది లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకి వడ్డీలో 3 శాతం తగ్గింపు. మీ కాలేజీ ఆ జాబితాలో ఉంటేనే దాని గురించి ఆలోచించండి. మామూలు ప్రైవేటు బీఈడీ కాలేజీలు అందులో ఉంటాయని ఆశ పెట్టుకోవద్దు.

ప్రశ్న: సిరొంచ దగ్గర మా ఊరు. ఓబీసీ. నేను బీఎస్సీ, చెల్లెలు కూడా బీఎస్సీ. ఇద్దరం బీఈడీ సీఈటీ రాశాం. మహాడీబీటీలో మాకు ఎంత వస్తుంది?
(గడ్చిరోలి జిల్లా నుంచి)

జవాబు: మహారాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ మహాడీబీటీలో మీ ఇద్దరికీ ఒకేలా రాదు. 2024–25 నుంచి మహారాష్ట్రలో ఓబీసీ, ఎస్ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలు), ఈడబ్ల్యూఎస్ అమ్మాయిలకి వృత్తి కోర్సుల్లో ట్యూషన్ ఫీజు, పరీక్ష ఫీజు పూర్తిగా మాఫీ. కుటుంబ ఆదాయం ఎనిమిది లక్షల లోపుండాలి, సీటు క్యాప్ (ప్రభుత్వ కేంద్రీకృత ప్రవేశాల) రౌండులో వచ్చినదై ఉండాలి. చెల్లెలికి ఇది పెద్ద అండ. మీరు అబ్బాయి అయితే ఓబీసీ కింద వచ్చే రాయితీకే దరఖాస్తు పెట్టాలి, పూర్తి మాఫీ రాదనుకుని సర్దుబాటు చేసుకోండి. ఇద్దరిలో ఎవరికైనా కాలేజీ స్థాయిలో, అంటే క్యాప్ బయట, సీటు ఇస్తామంటే ఈ డబ్బు వదులుకున్నట్టే.

మీ ప్రాంతంలో అసలు అడ్డంకి కుల పరిశీలన ధ్రువపత్రం, అక్కడివాళ్లు ‘వ్యాలిడిటీ’ అనేది. రిజర్వుడు సీటుకి అది తప్పనిసరి. మీ కుటుంబం ఒక తేదీకి ముందు నుంచే మహారాష్ట్రలో ఉందని చూపించాలి. ఓబీసీలకి ఆ తేదీ 13 అక్టోబరు 1967, విముక్త, సంచార జాతులకి 21 నవంబరు 1961, ఎస్సీలకి 10 ఆగస్టు 1950, ఎస్టీలకి 6 సెప్టెంబరు 1950. గోదావరి, ప్రాణహిత అవతలి నుంచి పెళ్లిళ్ల వల్లో వ్యవసాయం వల్లో వచ్చిన తెలుగు కుటుంబాలకి చిక్కు ఇక్కడే.

తాతగారో ఆయన అన్నదమ్ములో చదివిన బడి దాఖలా రిజిస్టరు నకలు అన్నిటికంటే గట్టి ఆధారం, ఎందుకంటే అందులో కులం, ఊరు, తేదీ మూడూ ఒకే వరసలో ఉంటాయి. బడి లేకపోతే పాత భూమి పత్రాలు, పుట్టుక మరణ రిజిస్టర్ల నకళ్లు. తండ్రి వైపు బంధువుల్లో ఎవరికైనా ఇప్పటికే వ్యాలిడిటీ వచ్చి ఉంటే ఆ కాగితం, వంశవృక్షం అఫిడవిట్ జతచేయండి, పని సగం తేలికవుతుంది. కులం పేరు పాత రిజిస్టర్లలో తెలుగు పేరుతో ఒకలా, కొత్త పత్రాల్లో మరాఠీ పేరుతో ఇంకోలా ఉంటే, రెండూ ఒకటేనని ఓబీసీ జాబితాలో ఎక్కడుందో చూపించాలి. సీఈటీ ఫలితం వచ్చాక మొదలుపెడితే అందదు. ఫలితం కోసం చూడకుండా ఈ వారమే ఫైలు వేయండి. నాన్ క్రీమీలేయర్ పత్రం కూడా గడువులో ఉన్నదే కావాలి.

చిన్న ప్రశ్నలు

*ఇగ్నోలో దూరవిద్య బీఈడీ చేస్తే ఖర్చు తగ్గుతుంది కదా?* (బరంపురం) తాజా బీఎస్సీ వాళ్లకి అది లేదు. ఇప్పటికే ఎలిమెంటరీ స్థాయి శిక్షణ పొంది బడిలో పనిచేస్తున్నవాళ్లకీ, ఎన్‌సీటీఈ గుర్తింపు ఉన్న శిక్షణ నేరుగా చదివినవాళ్లకీ మాత్రమే.

*బీఈడీ చేస్తే ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఎక్కడైనా చెప్పొచ్చా?* (గుణుపురం) లేదు. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పుతో ఒకటి నుంచి ఐదు తరగతుల పోస్టులకి బీఈడీ చెల్లదు, డీఎల్ఈడీ (ప్రాథమిక తరగతుల టీచరు శిక్షణ) కావాలి. చిన్నపిల్లలకి చెప్పాలన్నదే మీ కోరికైతే బీఈడీకి అప్పు చేయకండి.

*మా తమ్ముడు ప్లస్ టూ సైన్సు. వాడికీ బీఎస్సీ, తర్వాత బీఈడీయేనా?* (పర్లాకిమిడి) డిగ్రీ, బీఈడీ కలిసిన నాలుగేళ్ల సమీకృత కోర్సు, ఐటెప్, చూడండి. ఎన్‌సీఈటీ పరీక్ష రాయాలి. బీఎస్సీ మూడు, బీఈడీ రెండు కలిపి ఐదేళ్లయ్యేది నాలుగేళ్లలో పూర్తవుతుంది. ఒక ఏడాది హాస్టలు ఖర్చు మిగిలినట్టే.

*టెట్‌కి కూడా డబ్బు పక్కన పెట్టాలా?* (రాయగడ) పెట్టాలి. కేంద్రం పెట్టే టెట్, అంటే సీటెట్, ఒక పేపరుకి 1,000, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకి 500. బీఈడీ చివరి ఏడాదిలోనే రాయొచ్చు. ఆరు నుంచి ఎనిమిది తరగతులకి రెండో పేపరు, అందులో మ్యాథ్స్–సైన్సు భాగం 60 మార్కులు. పాసు మార్కు 150కి 90. భాషల్లో తెలుగు ఎంచుకోవచ్చు, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. ఒడిశా హైస్కూలు పోస్టులకి మాత్రం రాష్ట్రం పెట్టే ఓఎస్ఎస్‌టెట్ వేరుగా రాయాలి.

*నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఒరియా సబ్జెక్టు లేదు. ఒడిశాలో ఉద్యోగం వస్తుందా?* (జయపురం) ఒరియా చదవడం, రాయడం, మాట్లాడటం రావాలి. దానికి రుజువుగా ఏడో తరగతి స్థాయిలో ఒరియా భాషగా పాసైన పత్రం అడుగుతారు. అది లేనివాళ్లకి ఎంఈ (ఏడో తరగతి) ప్రమాణంలో ఒరియా పరీక్ష విడిగా పెడతారు. బీఈడీ మొదటి ఏడాదిలోనే ఆ పరీక్ష రాసి పత్రం తెచ్చుకోండి. నోటిఫికేషను వచ్చాక పరిగెత్తితే దరఖాస్తు తేదీ దాటిపోతుంది.